ఉప్పు మీద కాలిన చెనిక్కాయ బ్రెడ్డు

బుట్ట మీద కప్పిన తెల్లగుడ్డను సొన్నమ్మ మూడోసారి తీసి చూసి మళ్లీ కప్పింది. ముక్కలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

రోజూ అయితే బెంగళూరు రైలు ఛాంపియన్ స్టేషన్‌లోకి వచ్చేలోపే ఆ బుట్ట అడుగు కనబడేది. బంగారు గని మూతపడి రెండేళ్లు దాటింది. ఆండర్సన్‌పేటలో గని కూలీల లైన్ల ఇళ్లలోని మగవాళ్లూ ఆడవాళ్లూ కోడి కూయకముందే లేచి ఈ రైలెక్కి, బెంగళూరులో కాపలా పనులకో, కుట్టు మిషన్లకో, కూలికో పోతారు. పొయ్యి రాజేసుకునే తీరిక ఎవరికీ ఉండదు. సొన్నమ్మ చెనిక్కాయ బ్రెడ్డు ఒక ముక్క, ఒక గ్లాసు టీ పడితే బంగారుపేట దాటి చాలా దూరం పోయేదాకా కడుపు ఇంకేమీ అడగదు. రాగిపిండి, గోధుమపిండి, బెల్లం, మాగి నల్లబడిన అరటిపండ్లు, వేయించి కచ్చాపచ్చాగా దంచిన వేరుశనగ పప్పులు, పుల్లమజ్జిగలో పొంగించిన వంటసోడా. ఈస్టు లేదు, గుడ్డు లేదు. అందుకే శనివారం వ్రతం ఉన్నవాళ్లు కూడా తినేవారు.

ఆ సోమవారం మాత్రం, ఎప్పుడూ రెండు ముక్కలు తీసుకునే కుట్టుపని పిల్ల, "వద్దత్తా, కడుపులో బాగలేదు" అని పక్కకు తిరిగింది. దాని వెనకున్న ఇద్దరికీ కడుపులో బాగలేదు. టీ అంగడి దగ్గర నిలబడిన ముసలాయనకూ బాగలేదట.

"ఏమప్పా, ఊరందరికీ ఒకే దినం కడుపు చెడిందా? అట్లయితే నేను బ్రెడ్డు మాని వాముకషాయం అమ్మాల" అంది సొన్నమ్మ. ఎవరూ నవ్వలేదు.

రైలు సిగ్నల్ పడే వేళకు ఓబలప్ప వచ్చాడు. ఒకప్పుడు గని లోపల కొయ్యదూలాలు నిలబెట్టే పని. ఇప్పుడు బెంగళూరులో ఏదో కంపెనీ గేటు దగ్గర కాపలా. ఈ రైలు నాలుగో పెట్టెలో రోజూ పోయేవాళ్లకు అతనే పెద్ద. ఏటేటా ఆయుధపూజకు ముందురోజు ఆ పెట్టెకు అరటి పిలకలు కట్టి, కుంకుమ రాసిన గుమ్మడికాయ పగలగొట్టి, పూజ చేయించి అందరికీ ఏదో ఒకటి పంచిపెడతారు. ఈసారి పంచడానికి పది బ్రెడ్లు కావాలని పోయిన వారమే సొన్నమ్మకు చెప్పి ఉన్నాడు.

"సొన్నమ్మక్కా, ఒక మాట. ఇట్ల పక్కకి రా."

"ఇక్కడే చెప్పు ఓబలప్పా. పక్కకి పిలిచి చెప్పేది ఎప్పుడన్నా మంచిమాట అయ్యిందా?"

అతను గొంతు తగ్గించాడు. "నువ్వు బ్రెడ్డు కాల్చే అండాల్లో ఇసక యాడిదక్కా?"

"బూదికోట ఏటిది. ఏం?"

"సైనేడ్ దిబ్బలోదని అంటాండారు."

సొన్నమ్మకు మొదట అర్థం కాలేదు. దిబ్బ అంటే స్టేషన్‌లోంచి కూడా కనబడే ఆ బూడిదరంగు కొండ. రాతిని పిండిచేసి, సయనైడ్ మందునీళ్లలో కలిపి బంగారం తీసుకున్నాక, మిగిలిన పొడిని నూరేళ్లుగా పోసిన కుప్ప. గాలి లేచిందంటే ఊరంతా దాని దుమ్మే. పిల్లలు దాని మీద నుంచి జారి ఆడుకుంటే తల్లులు వీపు పగలగొడతారు.

"ఎవురన్నారు?"

ఓబలప్ప చూపు టీ అంగడి వైపు పోయింది. అక్కడ బేకరీ పిల్లప్ప పఫ్‌ల ట్రే దించుతూ ఉన్నాడు. పోయిన రెండేళ్లూ నాలుగో పెట్టె పూజకు పఫ్‌లు ఇచ్చింది అతనే.

"ఏం పిల్లప్పా, నా అండాల్లోకి తొంగి చూసినావా నువ్వు?" అని ఇక్కడి నుంచే కేకేసింది సొన్నమ్మ.

పిల్లప్ప తలెత్తకుండా ట్రే సర్దుతూ, "చూడాల్నా ఏంది? లైన్లోవాళ్లకి ఏటి ఇసక యాడ్నుంచి వస్తాదమ్మా? ఇంటెనకాలే దిబ్బ పెట్టుకొని ఎవురన్నా బూదికోటకి బస్సెక్కి పోతారా?" అన్నాడు.

ఆ 'లైన్లోవాళ్లు' అనే మాటకు సొన్నమ్మ చెవులు కాలాయి. ఓబలప్ప ఇబ్బందిగా బ్యాగు ఈ భుజం మీది నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.

"నేను నమ్మలేదక్కా. అయినా నూరు మంది నోట్లో పడేది. పూజ గురువారం. బుధవారం సాయంత్రానికి ఏదన్నా రుజువు చూపించు. లేకుంటే పఫ్‌లకే చెప్పేస్తాను. నా మీద బేజారు చేసుకోవద్దు."

రైలు వచ్చింది, పోయింది. బుట్ట అలాగే ఉంది. పూజ ఆర్డరు పోతే పోనీ అనుకుంది సొన్నమ్మ. ఇంక రేపటి నుంచి తన చేతిది ఎవరూ తినరేమో అన్నదే మింగుడు పడలేదు.

*

ఇంటికి రాగానే అండాల మూతలు తీసింది. మూడు ఇనుప అండాలు, ఒక్కోదాని అడుగున జానెడు ఇసక. ఇసక ఎర్రగా కాగాక రేకు అచ్చు అందులో దించి, మూత పెట్టి, మూత మీద నిప్పులు పోస్తుంది. కింద వేడి, పైన వేడి. బ్రెడ్డు నాలుగువైపులా సమంగా పొంగుతుంది.

దోసెడు ఇసక కాగితంలో పొట్లం కట్టుకొని లైను చివరింటికి నడిచింది. అక్కడ దొడ్డమునియప్ప ఉంటాడు. ముప్ఫై ఏళ్లు గని రాతిని పిండిచేసే మిల్లులో, ఆ పొడి దగ్గరే పని చేసిన మనిషి. ఈ ఊళ్లో ఇసక గురించి ఆయన మాటంటే కోర్టు తీర్పు. ఆయన్ని మరునాడే స్టేషన్‌కు తీసుకుపోయి, పిల్లప్ప ముందర నిలబెట్టి నాలుగు మాటలు చెప్పించాలని ఆమె ఆలోచన.

"మామా, ఇది చూసి, ఏటిదని ఒక్క మాట చెప్పు. ఆ పిల్లప్ప నోట్లో మన్ను కొట్టొస్తాను."

దొడ్డమునియప్ప వాకిట్లో పీట మీద కూర్చొని ఉన్నాడు. దగ్గు ఆగాక పొట్లం విప్పాడు. చిటికెడు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దాడు. ఇంకొకసారి రుద్దాడు. వేళ్లను వెలుతురులోకి ఎత్తి చూసుకున్నాడు.

"గాజు గ్లాసులో నీళ్లు తే" అన్నాడు.

"చేత్తో చూస్తే తెలవదా?"

"తెలిసింది. నీకి తెలవాల."

ఆమె లోపలికి పోయి టీ గ్లాసులో నీళ్లు తెచ్చింది. ఆయన పిడికెడు ఇసక అందులో వేసి, పుల్లతో రెండు చుట్లు తిప్పి, అరుగు మీద పెట్టాడు. గరుకు ఇసక గింజలు వెంటనే అడుగుకు పోయాయి. పైన నీళ్లు మాత్రం తేరుకోలేదు. బియ్యం కడిగిన నీళ్లలో బూడిద కలిపినట్టు, తెలుపూ నలుపూ కాని రంగు. సొన్నమ్మ చూస్తూ కూర్చుంది. పక్కింటివాళ్ల ఎసరు కాగి, బియ్యం పడి, గంజి వార్చే వాసన వచ్చింది. నీళ్లు అలాగే ఉన్నాయి.

"ఏటి ఇసకైతే ఇంత సేపటికి నీళ్లలో నీ మొగం కనబడాల" అన్నాడు దొడ్డమునియప్ప. "దీంట్లో ఏటిది సగం, దిబ్బది సగం. మిల్లు ఆడించిన పొడి ఇంత బిరీన అడుగుకి చేరదు. నేను ముప్ఫై ఏండ్లు చూసిన నీళ్లమ్మా ఇవి."

"బ్రెడ్డు అచ్చులో ఉంటాది గదా మామా, ఇసక దానికి తగలదే?"

"తగలదు. కాలినంక పొడి ఎగురుతాది. ఎంత పడిందో, పడిందో లేదో, నేను చెప్పలేను. ఎవురూ చెప్పలేరు."

సొన్నమ్మ గ్లాసూ, మిగిలిన పొట్లమూ అందుకుంది. వచ్చేటప్పుడు ఉన్న నడక పోయేటప్పుడు లేదు.

*

తోడికోడలు చిక్కమ్మ కొట్టం దగ్గర చెనిక్కాయలు ఒలుస్తూ ఉంది. సొన్నమ్మ గ్లాసును ఆమె ముందు నేల మీద పెట్టింది. చిక్కమ్మ గ్లాసును చూసింది, అక్క ముఖం చూసింది, చేతిలోని కాయ కింద పడింది.

"పోయిన వారం కాదక్కా, దాని ముందరి శుక్రవారం. ఇసక తగ్గిపోయింది, తెచ్చి పొయ్యమంటివి గదా. బస్సు కోసం నిలబడి నిలబడి కాళ్లు పడిపోయినాయి. రాలేదు. ఇంగ దిబ్బ పక్కనే ఉండాది... ఇసకంటే ఇసకే గదా అనుకున్నాను. సన్నగా ఉండాది, బాగా కాగుతాదిలే అని..."

"నాతో చెప్పినావా?"

"తిడతావని చెప్పలే."

సొన్నమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టింది. ఆ శుక్రవారం నుంచి ఈ సోమవారం దాకా పదకొండు దినాలు.

"అయ్యిందేమో అయిపోయింది" అని చిక్కమ్మ కళ్లు తుడుచుకొని లేచింది. "రేపు నేనే పోయి బూదికోట ఇసక తెస్తాను, నడిచైనా తెస్తాను. ఓబలప్పన్నకి దాన్ని చూపించు. ఈ గ్లాసు సంగతి మనకీ మామకీ తప్ప ఎవురికి తెలుసు? పిల్లప్ప కూడా చూసి చెప్పింది కాదు, నోటికొచ్చింది కూసినాడు. వాడి అబద్ధం అబద్ధంగానే పోతాది."

ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అందుకే సొన్నమ్మకు భయమేసింది. ఎంత సులువుగా ఉందో!

"ముందు అండాలు పట్టు" అంది.

ఇద్దరూ కలిసి ఇసకను పెరట్లో గొయ్యి తీసి పూడ్చారు. బుట్టలో మిగిలిన బ్రెడ్డును కుక్కలకు కూడా వెయ్యకుండా అదే గొయ్యిలో వేశారు. చెనిక్కాయల బ్రెడ్డు మట్టిలోకి పోతుంటే చిక్కమ్మ తల తిప్పుకుంది. అండాలను చింతపండుతో, కొబ్బరిపీచుతో ఇనుము మెరిసేదాకా తోమారు. అచ్చులను నీళ్లలో మరగబెట్టారు.

"ఇంగ ఇసకకి పోయొస్తాను" అంది చిక్కమ్మ, చేతులు దులుపుకుంటూ.

"వద్దు. బంగారం లాంటి ఏటి ఇసక తెచ్చినా చూసేవాళ్ల మనసులో అది దిబ్బే. కంటితో చూసేది చాలదు. నాలిక మీద పెట్టుకొని చూసేదై ఉండాల."

చిక్కమ్మ ఆమె వైపు వింతగా చూసింది. "ఇసకనెవురు నాలిక మీద పెట్టుకుంటారక్కా?"

సొన్నమ్మ అప్పటికే ఉట్టి మీది ఉప్పుజాడీ దించుతోంది.

*

మంగళవారం ఒక మూట కల్లుప్పు వచ్చింది. బుధవారం తెల్లవారుతూనే మూడు అండాల్లో జానెడేసి ఉప్పు పోసి పొయ్యి రాజేశారు. కాసేపటికి ఉప్పు రాళ్లు చిటపటమని పేలడం మొదలుపెట్టాయి. చిక్కమ్మ బెదిరి వెనక్కి దూకింది. పేలుడు పూర్తిగా ఆగేదాకా సొన్నమ్మ మూత తియ్యలేదు. అప్పుడు అచ్చు దించింది.

మొదటి బ్రెడ్డు అడుగు మాడింది. పైన పిండి పచ్చిగానే ఉంది, కింద బొగ్గు.

"ఇసక కంటే దీనికి కోపం జాస్తి" అంది సొన్నమ్మ. మాడిన దాన్ని పక్కన పెట్టి, తలుపు మూలనున్న ఇనుప చుట్టకుదురు తెచ్చి ఉప్పు మీద పెట్టింది. దాని మీద అచ్చు. ఇప్పుడు అచ్చుకూ ఉప్పుకూ మధ్య రెండు వేళ్ల గాలి. మూత మీద నిప్పులు ఇంకొక గరిటెడు పోసింది.

ఈ పిండితో ఉన్న చిక్కు ఏమిటంటే అది ఎవరి కోసమూ ఆగదు. సోడా పడిన మజ్జిగ బుసబుసమని లేచిన క్షణాన పిండిలో కలపాలి, కలిపిన వెంటనే అచ్చులో పోయాలి, పోసిన వెంటనే వేడిలోకి దించాలి. ఆలస్యమైతే గాలంతా పోయి ఇటుక అవుతుంది. మూడు అండాలూ ఒక్కసారి సిద్ధమైతేనే మజ్జిగ ముట్టుకోవాలి. అండాలు కాగేదాకా సొన్నమ్మ అరటిపండ్లు చేత్తో పిసికింది, బెల్లం కరిగించి మలినం వడగట్టింది. చిక్కమ్మ పప్పులు దంచింది. మరీ మెత్తగా పోకుండా, పంటి కింద దొరికేంత.

"కలుపుదునా?"

"ఆగు... మూడోది కాగలే... ఇప్పుడు కలుపు!"

రెండో వాయికి మూత తీసేసరికి మూడు బ్రెడ్లూ నడుమ చీలి నవ్వుతున్నాయి. బెల్లం, రాగి, కాలిన పప్పుల వాసన లైను పొడుగునా పాకింది. సొన్నమ్మ ఈనెపుల్ల గుచ్చి తీసింది. పుల్ల పొడిగా వచ్చింది. పొద్దు వాలేసరికి పది బ్రెడ్లు తడిగుడ్డ కింద వరుసగా పడుకున్నాయి.

సాయంత్రం రైలు దిగి ఓబలప్ప నేరుగా అక్కడికే వచ్చాడు. సొన్నమ్మ అండా మూత తీసింది. "నోట్లో వేసుకొని చూడు."

అతను భయంభయంగా రవ్వంత నాలుక మీద పెట్టుకొని, ముఖం ముడిచి, పెద్దగా నవ్వాడు. "ఉప్పా! అబ్బబ్బ, ఇంగేం కావాలక్కా? పిల్లప్ప నోటికి తాళం పడినట్లే. రేపు పది బ్రెడ్లూ నాలుగో పెట్టెకే."

చిక్కమ్మ ముఖం విప్పారింది. అక్క చెయ్యి పట్టుకొని గట్టిగా నొక్కింది. అంతటితో ఆగితే అంతా గెలిచినట్టే.

అతను గుమ్మం దాటాక సొన్నమ్మ వెనక్కి పిలిచింది. "ఓబలప్పా. రేపు రైలు రాకముందు అందరి ముందర నాకొక మాట చెప్పేది ఉండాది. ముక్క ఎవురూ ముట్టకముందే."

చిక్కమ్మ చెయ్యి జారిపోయింది.

*

గురువారం స్టేషన్‌లో పండగలా ఉంది. నాలుగో పెట్టెవాళ్లు అరటి పిలకలు, బంతిపూల దండలు, గుమ్మడికాయ పట్టుకొని నిలబడ్డారు. ఆడవాళ్లు తలనిండా పూలు పెట్టుకొచ్చారు. టీ అంగడి దగ్గర పిల్లప్ప రోజూలాగే పఫ్‌లు దించుతున్నాడు. సొన్నమ్మ బుట్ట కింద పెట్టి, చిన్న సంచిలోంచి టీ గ్లాసు తీసింది. అందులో కుళాయి నీళ్లు పట్టి, పొట్లంలో మిగిలిన ఇసక వేసి తిప్పింది. అందరికీ కనబడేలా పైకెత్తింది.

"ఇది నా అండాల్లో ఉండిన ఇసక" అంది. వెనకున్నవాళ్లకు వినబడలేదు. ఇంకొకసారి గట్టిగా చెప్పింది. "పిల్లప్ప చెప్పింది నిజమే. దీంట్లో దిబ్బ ఇసక కలిసుండాది. నాకి సోమవారం దాకా తెలవదు. అయినా అండాలు నావి, చెయ్యి నాది. పదకొండు దినాలు దీని మీద కాల్చిన బ్రెడ్డే మీరు తిన్నారు. ఆ ఇసకా, మిగిలిన బ్రెడ్డూ అంతా పూడ్చేసినాను. ఈ బుట్టలోవి ఉప్పు మీద కాల్చినవి. ఉప్పు ఇదో, సంచిలో ఉండాది. తింటే తినండి, లేకుంటే లేదు."

ముందున్నవాళ్లు గ్లాసులోని బూడిదరంగు నీళ్ల వైపు వంగి చూశారు.

"నిన్న నాతో చెప్పలేదే నువ్వు?" అన్నాడు ఓబలప్ప.

"నీకొకనికే చెప్తే ఆ బరువు నువ్వు మోయాల్సి వస్తాది నాయనా."

గుంపులోంచి మునిశామప్ప ముందుకు దూసుకొచ్చాడు. బెంగళూరులో మేస్త్రీ పని అతనిది. రోజూ రెండు ముక్కలు కొని, ఒకటి జేబులో పెట్టుకొని సాయంత్రం కూతురికి తీసుకుపోతాడు. "నా బిడ్డకి పెట్టినాను గదమ్మా! మూడేండ్ల బిడ్డకి! దానికేమన్నా అయితే?"

"అవును నాయనా. నీ బిడ్డకి పెట్టినావు. అందుకే చెప్తాండాను" అంది సొన్నమ్మ. కళ్లు దించలేదు.

పిల్లప్ప ట్రే వదిలేసి వచ్చాడు. "విన్నారా? తానే ఒప్పుకొనింది! నేను చెప్తే నా మీద పడితిరి. పఫ్‌లు ఉండాయి, నూరు ఉండాయి, వేడిగా ఉండాయి."

"పిల్లప్పా, నీ పొయ్యి అడుగున ఏముండాదో చూపిస్తావా?" అన్నాడు ఓబలప్ప.

"నా పొయ్యి చూడను మీరెవురప్పా?"

"విన్నారు గదా." ఓబలప్ప గుంపు వైపు తిరిగాడు. "ఇరవై రెండేండ్లు నేను లోపల పని చేసినాను. మీలో సగం మంది చేసినారు. ఎంత దుమ్ము మింగినాం? ఇదీ నువ్వు మింగేది అని గ్లాసులో కలిపి మన మొగం ముందర పెట్టినోళ్లు ఎవురన్నా ఉండారా? ఈమె కాక?"

ఒక ముసలాయన దగ్గు మొదలుపెట్టి, ఆపుకోలేక స్తంభం పట్టుకున్నాడు.

మునిశామప్ప ఇంకా ఆమె ఎదురుగానే నిలబడి ఉన్నాడు. గ్లాసు వైపు చూశాడు. దాన్ని ఆమె చేతిలోంచి తీసుకొని, ప్లాట్‌ఫారం అంచు దాకా పోయి పట్టాల మీదికి ఒంపేశాడు. తిరిగొచ్చి సంచిలోంచి ఒక ఉప్పురాయి తీసి నాలుక మీద పెట్టుకున్నాడు. చప్పరించాడు.

"మా పాప పోయిన వారమంతా బాగానే ఉండాది" అన్నాడు, ఎవరితోనో వాదిస్తున్నట్టు. "డాక్టరుకి చూపిస్తాను."

"నేనూ వస్తాను" అంది సొన్నమ్మ.

"రా." బుట్ట వైపు చెయ్యి చాపాడు. "ఒక ముక్క ఇయ్యి. ఇంకొకటి కాగితంలో కట్టు. దానికి."

సొన్నమ్మ కత్తి పట్టింది. మొదటి ముక్క ఒక పక్క లావు, ఒక పక్క పలచన వచ్చింది. మునిశామప్ప అక్కడే నిలబడి, అందరూ చూస్తుండగా కొరికాడు. నిదానంగా నమిలాడు. పంటి కింద పప్పు పడినట్టుంది, దవడ ఒకసారి ఆగి మళ్లీ కదిలింది.

"ఏమప్పా?" అన్నారు ఎవరో వెనక నుంచి.

"ఏముండాది? బ్రెడ్డు" అన్నాడు నోటినిండా పెట్టుకొని. "ముందర దానికంటే పైన బాగా కాలింది."

అంతే, కుట్టుపని పిల్ల ముందుకొచ్చింది. "అత్తా, నాకి రెండు." కడుపు బాగలేని ముసలాయన వచ్చాడు. అప్పుడే రైలు కూత వేస్తూ లోపలికి వచ్చింది.

"ఇక్కడ కాదు, పూజ కాకుండా ఎట్ల తింటారు, పెట్టెలోకి పదండి!" అని ఓబలప్ప అరిచాడు. ఎవరో బుట్ట ఎత్తారు. ఎవరో సొన్నమ్మ మోచెయ్యి పట్టి పైకి లాగారు. "నాకి టికెట్ లేదప్పా" అని ఆమె అంటూనే ఉంది. రైలు కదిలింది. ప్లాట్‌ఫారం మీద చిక్కమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడుస్తూ నవ్వుతూ కొంత దూరం పక్కనే పరుగెత్తింది. పిల్లప్ప తన ట్రే దగ్గరికి తాను పోయాడు.

గుమ్మం దగ్గర కర్పూరం వెలిగింది. కొబ్బరికాయ పగిలింది. కిటికీ పక్క సీటు ఖాళీ చేసి, సొన్నమ్మను కూర్చోబెట్టి, ఒళ్లో పళ్లెం పెట్టారు. తర్వాతి స్టేషన్ ఊరిగాంలో ఇంకొక ముప్ఫై మంది ఎక్కారు. వాళ్లకేమీ తెలియదు. చెయ్యి చాపిన మొదటివాడిని సొన్నమ్మ ఆపింది. పదకొండు దినాల సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పి, అప్పుడు ముక్క పెట్టింది. రెండోవాడికీ చెప్పింది. కోరమాండల్ స్టేషన్‌లో ఇంకా ఎక్కారు. ఆమె నోరు తెరిచేలోపే చుట్టూ ఉన్నవాళ్లు పాటలా అందుకున్నారు:

"పదకొండు దినాలు దిబ్బ ఇసక! అంతా పూడ్చేసినాది! ఇప్పుడు ఉప్పు! తెలిసిందా అన్నా? ఇంగ చెయ్యి చాపు!"

పెట్టె అంతా గొల్లుమంది. సొన్నమ్మ కూడా నవ్వింది, కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక భుజానికి రుద్దుకుంది. అడుగున ఇంకొక్క బ్రెడ్డే మిగిలింది. చాచిన చేతులు మాత్రం అవతలి గుమ్మం దాకా ఉన్నాయి. అందరికీ రావాలని ఆమె ముక్క మందం సగానికి తగ్గించి, మళ్లీ కోయడం మొదలుపెట్టింది.